అమ్రాబాద్ అడవిల రెండు రోజులు: మన్ననూరు స్టే, ఫరహాబాద్ సఫారీ ఎట్లున్నయంటే

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయేటోళ్లందరూ ఈ అడవిలకెల్లే పోతరు, కానీ ఈ అడవిని చూద్దామని వచ్చేటోళ్లు మస్తు తక్కువ. మేమూ అంతే. పదిహేనేండ్ల సంది ఏడాదికి ఒక్కసారన్నా మల్లన్న దర్శనానికి పోతున్నం, మన్ననూరు చెక్‌పోస్టు దాటినంక పిల్లలు కోతుల్ని చూస్తరు, నేను ఘాట్ మలుపులు చూస్తా, గంటన్నరల అడవి అయిపోతది. ఈసారి మార్చి ఆఖర్ల అమ్మనే అడిగింది, "ఒక్కసారన్నా ఆగుదాం రా, నేను పుట్టిన దిక్కు గదా" అని. అమ్మది అచ్చంపేట పక్కన ఊరు. పదేండ్లప్పుడు తాత చెయ్యి పట్టుకొని ఈ అడవి లోయల జరిగే సలేశ్వరం లింగమయ్య జాతరకు నడిచిపోయిందంట, ఆ ముచ్చట మాకు కొన్ని వందల సార్లు చెప్పింది. అందుకే ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ల మన్ననూరు కాటేజీ, ఫరహాబాద్ సఫారీ కలిపి బుక్ చేసిన. పోయొచ్చి పది రోజులైంది, ఇంట్ల ఇంకా అదే ముచ్చట నడుస్తుంది కాబట్టి రాస్తున్నా, జర పొడుగైతది, ఓపిక చేసుకోండి.

ముందు ఒక మాట చెప్పాలె. రెండేండ్ల కింద హైదరాబాద్‌ల ఒక ట్రావెల్స్ వాళ్లతోని ఇటు దిక్కే వచ్చినం, పేరు వద్దు లెండి. "పులి గ్యారంటీ సార్" అని పైసలు తీసుకున్నరు, పొద్దున తొమ్మిదింటికి తెచ్చి వ్యూ పాయింట్ కాడ దించిన్రు, ఫొటోలు దిగమన్నరు, మళ్ల బండెక్కించిన్రు. తొవ్వ పొంటి పాటలు పెట్టి సౌండ్ పెంచుతనే ఉన్నరు. జింక తోక కూడ కనవడలే. అప్పటి సంది నా మనసుల ఈ అడవి అంటే "ఏముంది అక్కడ, చెట్లే గదా" అన్నట్టు ఉండె. అది ఎంత తప్పో ఈసారి తెలిసింది. పులి గ్యారంటీ అని ఎవరన్నా అంటే వాళ్లకు అడవి తెల్వదని అర్థం, అక్కడనే ఫోన్ పెట్టేయండి.

అసలు ఇది ఎంత పెద్ద అడవో చాలామందికి తెల్వదు. నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ అని 1983ల ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది, దేశంలనే అన్నిటికంటే పెద్దది. రాష్ట్రం విడిపోయినంక కృష్ణకు ఇవతల తెలంగాణ దిక్కు ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది, కోర్ (నడిమి అడవి), బఫర్ (చుట్టూ ఉన్న అంచు) కలిపి 2,611 చదరపు కిలోమీటర్లు. అవతల ఆంధ్ర దిక్కు ఇంకో మూడు వేల పైచిలుకు. నది మనకు బార్డర్ గానీ పులికి కాదు గదా, ఈత కొట్టుకుంట పోతది.

కాటేజీ గురించి రెండు ముక్కల్ల చెప్తా. శుభ్రంగ ఉంది, మట్టి గోడల రూమ్ ఎండకాలంల కూడ సల్లగ ఉంది, తిండి సాదాది, అన్నం పప్పు కూర, రాత్రికి అడిగితే జొన్నరొట్టెలు చేసిచ్చిన్రు, అమ్మ మూడు తిన్నది. టీవీ గీవీ ఆశతోని పోకండి. సిగ్నల్ కూడ వస్తది పోతది, అడవి లోపల అయితే అసలుకే రాదు, ఆఫీస్ వాళ్లకు ముందే చెప్పి పోండి. రాత్రి బయట కూసుంటే ఒక పిట్ట చెక్క మీద సుత్తెతోని కొట్టినట్టు టక్ టక్ టక్ అని ఒకటే కూత. నైట్‌జార్ అంట. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాక అడవి రోడ్డు మీద బండ్లు బంద్ పెడతరు గదా, తొమ్మిది దాటినంక ఆ రోడ్డు చప్పుడు కూడ ఆగిపోతది. హైదరాబాద్‌ల పుట్టిన నా బిడ్డ అప్పుడు అన్నది, "డాడీ, చెవులల్ల ఏదో అయితుంది" అని. ఏం కాలే, సప్పుడు లేకపోవుడు దానికి కొత్త.

ఇగ సఫారీ. నేను ఈ రివ్యూ రాసేది అసలు దీని కోసమే, ఇంకా కరెక్ట్‌గ చెప్పాలంటే మా గైడ్ కోసం. ఓపెన్ జీపు, ముందు డ్రైవర్, పక్కన చెంచు గైడ్. యాభై ఏండ్లుంటయి, సన్నగ ఉన్నడు, మాట మెల్లగ. పేరు రాయను, అడగలే రాయొచ్చా అని. గేటు కాడ మా బ్యాగులల్ల ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు అన్నీ తీసి పక్కన పెట్టించిండు, నీళ్లకు స్టీల్ సీసా తెచ్చుకున్నం కాబట్టి ఇబ్బంది కాలే. జీపు లోపలికి పోయినంక మొదటి పావుగంట ఆయన ఏం మాట్లాడలే, మేమే ఏదేదో అడుగుతున్నం, పులి ఉంటదా, ఎలుగు ఉంటదా అని. తర్వాత ఒక పెద్ద చెట్టు కాడ బండి ఆపమన్నడు.

ఇప్పచెట్టు. కింద నేలంతా లేత పసుపు పూలు, ముత్యాలు పోసినట్టు రాలి ఉన్నయి, వాసన ఎట్లుందంటే బెల్లం పాకం మాడబోయే ముందు వస్తది సూడు, గట్ల. తెల్లారుజామున రాల్తయంట. గైడ్ ఒక పువ్వు ఏరి ఊది మా బిడ్డ చేతిల పెట్టిండు, "తిను బిడ్డా, ఏం గాదు" అన్నడు. కండ పట్టిన పువ్వు, నోట్లె పెడితే తీపి నీళ్లు. అప్పుడు ఆయన చెట్టు కాండం చూపించిండు. నా ఛాతీ ఎత్తు నుంచి పైదాక బెరడు మీద ఐదైదు గీతలు, కొన్ని పాతవి నల్లగైనయి, కొన్ని కొత్తవి, లోపలి ఎర్రటి చెక్క తడిగ కనిపిస్తుంది. "ఎలుగు ఎక్కింది సార్. మనకంటె ముందు వచ్చి తిని పోయింది." పక్కనే దాని మలం, దాన్ని కట్టెతోని చీల్చి చూపించిండు, నిండ తునికి గింజలు. "గిది ఇంకో తాన తునికిపండ్లు తిన్నది, ఇక్కడికొచ్చి ఏరిగింది, వానలు పడ్డంక ఇక్కడ తునికి మొలుస్తది. అడవిని ఎలుగే నాటుతది సార్." అంతకు ముందు నేను ఎన్ని డాక్యుమెంటరీలు చూసిన్నో, ఇట్ల ఒక్కటి కూడ నాకు ఎక్కలే. ఎలుగును మేము చూడలే. కానీ చూసినట్టే అనిపించింది.

అట్లనే ఒక తపసి చెట్టు. ఎండకాలంల ఆకులన్నీ రాలి మొత్తం తెల్లగ, నున్నగ నిలబడి ఉంటది. దాని బంకనే తపసి బంక, చెంచులకు తేనెతోని పాటు దాని మీద కూడ పైసలొస్తయి, గిరిజన సహకార సంస్థ వాళ్లు కొంటరు. కాండం మీద పాత గాటు మానిన జాగ చూపించిండు, మన మోకాలి మీద దెబ్బ మానితే ఎట్ల గట్టి తోలు వస్తదో గట్ల అంచులు ముడుచుకొని ఉంది. లోతుగ కొడితే చెట్టు సచ్చిపోతది, పైపైన గీకి, తీసుకున్న జాగ మానేదాక మళ్ల ముట్టొద్దంట. "మా అయ్య తీసిన చెట్ల నుంచి నేను తీస్తున్న" అన్నడు. అమ్మ ఆ చెట్టును చాలాసేపు అట్లనే తడుముకుంట నిలబడ్డది.

తేనె ముచ్చట ఇంకా గట్టిది. కొండచరియ మీదికెల్లి తాడు కట్టుకొని కిందికి దిగి తేనె తీస్తరు, ఆ తాడును అడవి తీగెలతోనే అల్లుతరు. పైన తాడు పట్టుకునేది ఎవరో తెలుసా? బామ్మర్ది. సొంత అన్నదమ్ములకు కూడ ఇయ్యరు. ఎందుకని అడిగితే నవ్వి చెప్పిండు, "వాని అక్క బొట్టు గా తాడు మీదనే ఉంటది గద సార్, ఎట్ల ఇడుస్తడు?" జీపుల మేమంతా ఒక్కసారి సైలెంట్. మా బామ్మర్ది కూడ వచ్చిండు మాతోని, వాడు నా దిక్కు చూసి నా భుజం మీద చెయ్యేసిండు. ఇంకో మాట, తేనెపట్టు మొత్తం తియ్యరు, కొంత ఈగలకు ఇడుస్తరు, మళ్ల ఏడు రావాలె గదా.

పులి సంగతికొస్తా, మీరందరూ దానికోసమే చూస్తున్నరని తెలుసు. ఎండకాలంల నీళ్లకు తిప్పలైతది కాబట్టి అడవిల అక్కడక్కడ సాసర్ పిట్లు, అంటే నీళ్ల తొట్లు, కట్టిన్రు, కొన్నిట్లకు సోలార్ బోర్లు. అట్లాంటి ఒక తొట్టి పక్కన మెత్తటి దుమ్ముల అడుగు కనవడ్డది. గైడ్ దిగొద్దని చెయ్యి చూపి తనొక్కడే దిగి వంగి చూసిండు, పక్కన తన అరచెయ్యి పెట్టిండు, చెయ్యి కంటే వెడల్పుగ ఉంది అడుగు. "ఆడపులి. మొగదానిది గుండ్రంగ పడతది, దీనిది జర కోలగ ఉంది." ఎప్పటిది అని అడిగిన. అడుగు మీదికెల్లి సన్నగ చీమల బారు పోతుంది, అడుగు అంచు కూడ జర రాలింది. "చీమలు తొవ్వ చేసుకున్నయి గద, రాత్రిది" అన్నడు. ఆ చీమల బారు నేను చూసిన్నా, చూసిన, కానీ దాంట్ల టైమ్ ఉంటదని నాకేం ఎరుక.

అక్కడికెల్లి కొద్ది దూరం పోయినంక లోయ దిక్కుకెల్లి ఒక పెద్ద అరుపు, రేకు మీద కొట్టినట్టు "ఢాంక్" అని. బండి ఇంజన్ ఆఫ్ చేయించిండు. కణితి అంట, పెద్ద జింక, సాంబర్ అంటరు గదా అది. చుక్కల దుప్పి అయితే కుక్కను చూసినా అరుస్తది, కొండముచ్చు కొన్నిసార్లు ఊకెనే ఆగమైతది, కానీ కణితి ఊరికె అరవదు, అది అరిచిందంటే పులో చిరుతో పక్కనే ఉన్నట్టు. ఇరవై నిమిషాలు ఎవ్వరం ఊపిరి కూడ గట్టిగ తీయలే. మళ్ల ఒకసారి అరిచింది, ఈసారి దగ్గర. నా బిడ్డ చెయ్యి నా చేతిల చెమట పట్టింది. అప్పుడే వెనకకెల్లి ఇంకో బండి వచ్చింది, అందుల పిల్లగాండ్లు లేచి నిలబడి "ఏడుంది ఏడుంది" అని ఒర్రుడు, ఈలలు. అంతే, అయిపోయింది. గైడ్ వాళ్లను ఏమనలే, మొఖం మాత్రం చిన్నగైంది. నాకైతే చాలా బాధైంది, కోపం కూడ. దండం పెట్టి చెప్తున్నా, అడవిల మాట్లాడకండి. ఫోన్ సైలెంట్‌ల పెట్టండి. ఆ కణితి ఇచ్చిన కబురు మన కోసం కాదు, దాని తోటి జంతువుల కోసం, మధ్యల మనం ఎందుకు ఒర్రాలె?

రెండున్నర గంటల్ల మేము కండ్లతోని చూసినయి చెప్తా: దుప్పులు రెండు మందలు, ఒక మనుబోతు (నీల్‌గాయి), నెమళ్లు, అడవి పందులు, చెట్టు మీద బెట్టు ఉడుత (ఇంత పెద్దది, తోక మూరెడు, ఎర్రటిది, పిల్లలు దానికే ఫిదా), ఒక ముళ్లపంది ముల్లు. ఆ ముల్లు బిడ్డ దాసుకుందామనుకుంది. గైడ్ మెల్లగ అడిగి తీసుకొని మళ్ల అక్కడనే పెట్టిండు, "ఎలుకలు కొరుక్కుంటయి బిడ్డా, వాటి నోట్లె పండ్లు అరగనీకె" అన్నడు. బిడ్డ ఏడవలే. అన్నీ గుర్తుపెట్టుకుంది, ఇంటికొచ్చి క్లాస్‌ల అందరికి చెప్పిందంట.

ఫరహాబాద్ వ్యూ పాయింట్ కాడ నిజాం కాలం నాటి వేట బంగ్లా ఉండె, ఇప్పుడు శిథిలాలే. అక్కడ నిలబడితే కింద లోయ, దాని అవతల ఇంకో కొండ, దాని అవతల ఇంకోటి, నీలంగ, బూడిద రంగుల, అంతు లేదు. ఒకప్పుడు పులుల్ని కాల్చనీకె కట్టిన జాగల నిలబడి ఇప్పుడు పులి బతికుందా అని ఆశగ చూస్తున్నం. 1940ల కాలంల నిజాం రాజ్యంల హైమెండార్ఫ్ అని ఆస్ట్రియా ఆయన ఇదే అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల నడుమ ఉండి వాళ్ల గురించి రాసిండు, లోకానికి చెంచులు తెలిసింది చాలావరకు ఆయనతోనే. మాకు తెలిసింది మాత్రం మా గైడ్‌తోని.

చెంచుల ఊర్లను పెంటలు అంటరు. మైదానంల ఆ మాటకు వేరే అర్థం కాబట్టి మా పిల్లలకు వింతగ అనిపించింది, కానీ వాళ్లకు పెంట అంటే ఇల్లు, వాకిలి, అంతా. అప్పాపూర్ పెంట, రాంపూర్ పెంట, ఇట్ల లోపల చాలా ఉన్నయి. సఫారీల పెంటలల్లకు తీసుకపోరు, అది మంచిదే. మనుషుల ఇండ్లు చూసే వస్తువులు కావు. మాట్లాడేది తెలుగే, యాస వేరు. శ్రీశైలం మల్లన్న వాళ్లకు చెంచు మల్లయ్య, వాళ్ల ఆడబిడ్డను చేసుకున్న అల్లుడు. అవతల అహోబిలంల నరసింహస్వామి కూడ చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడే. ఇద్దరు దేవుళ్లను అల్లుళ్లను చేసుకున్న జనం ఇంకెక్కడన్నా ఉన్నరా? మనమేమో మల్లన్న కాడికి క్యూల నిలబడి దర్శనం చేసుకొని వస్తం, ఆయన అత్తగారిల్లు తొవ్వలనే ఉందని ఎన్నడూ తలుచుకోం.

కోర్ ఏరియా పెంటలను బయటికి తరలించాలని చాన్నాళ్ల సంది నడుస్తుంది, కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అని. కొందరు పిల్లల చదువు, దవఖాన కోసం పోదామంటరు, కొందరు సచ్చినా పోమంటరు. గైడ్‌ను అడిగిన. చాలాసేపు ఏం అనలే. తర్వాత "బయట మాకేం పని తెలుసు సార్" అన్నడు. నా మట్టుకు నాకు అనిపించేది చెప్తా, ఎవరి ఇష్టం వాళ్లకు ఉండాలె, కానీ ఈ అడవిని చీమల బారు చూసి చదివే మనిషిని బయటికి పంపితే అడవికి కూడ నష్టమే. 2019ల యురేనియం తవ్వకాల ముచ్చట వచ్చినప్పుడు అమ్రాబాద్ దిక్కు ఊర్లన్నీ రోడ్డెక్కినయి, మా మేనమామ కూడ ధర్నాల కూసున్నడు, సెప్టెంబర్‌ల అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అడవి ఉందంటే ఇట్ల అడ్డం పడ్డోళ్లు ఉన్నరు కాబట్టే ఉంది.

రెండో రోజు ఉమామహేశ్వరం. రంగాపూర్ మీదికెల్లి పోవాలె. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటరు. గుడి పైన పెద్ద కొండచరియ గొడుగు పట్టినట్టు ఉంటది, పగలంతా నీడనే, రాతిలకెల్లి నీళ్లు బొట్టు బొట్టు రాల్తనే ఉంటయి. మార్చి ఎండల బయట నేల కాలుతుంటే అక్కడ గోడకు చెంప ఆనిస్తే సల్లగ. అమ్మ కొంగు తడుపుకొని మొఖం తుడుచుకుంది. మల్లెలతీర్థం కూడ పోదామనుకున్నం కానీ ఎండకాలంల నీళ్లు సన్నగుంటయి, మెట్లు బాగా ఉన్నయి, మోకాళ్ల నొప్పులు ఉన్నోళ్లకు కష్టం, వానలు పడ్డంక పోతనే దాని అందం.

పోయేటోళ్లకు నాలుగు మాటలు. జులై నుంచి సెప్టెంబర్ దాక సఫారీ బంద్ ఉంటది, చూసుకొని పెట్టుకోండి. సలికాలం హాయిగ ఉంటది, కానీ నన్నడిగితే మార్చి, ఎండ ఉన్నా సరే, ఇప్పపూలు ఉంటయి, ఆకు రాలి లోపలిదాక కనిపిస్తది, జంతువులు నీళ్లకు వస్తయి. పొద్దున సఫారీనే తీసుకోండి. తెలుపు, ఎరుపు బట్టలు వద్దు. బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి. సిగరెట్, అగ్గిపెట్టె బండిలనే ఉంచండి, ఎండాకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే గుట్ట మొత్తం అంటుకుంటది. రోడ్డు పక్కన కోతులకు బ్రెడ్, అరటిపండ్లు వెయ్యకండి, పుణ్యం అనుకుంటరు కానీ వాటికోసం రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడి సస్తున్నయి, మేము పోయిన రోజే తల్లి కోతి ఒకటి రోడ్డు మీద, దాని మీద పిల్ల. ఇంకా కండ్ల ముందే ఉంది. గైడ్‌కు ప్రశ్నలు ఎయ్యండి, కానీ ఆయన ఆగమన్నప్పుడు ఆగండి, చెప్పేది మొత్తం వినండి. పోయేటప్పుడు చేతుల ఏమన్నా పెట్టండి.

రేటింగ్ అంటే ఐదుకు ఐదు. పులే కనవడాలె అనుకునేటోళ్లకు, పూల్, డీజే కావాలె అనుకునేటోళ్లకు ఇది సెట్ కాదు, వేరే జాగలు చాలా ఉన్నయి. నాకు ఒక్కటే కోరిక, చెంచు గైడ్‌తోని జీపు దిగి ఒక పూట మెల్లగ నడిచే ప్యాకేజీ ఉంటే ఎంత పైసలైనా పెడతా.

వచ్చేటప్పుడు అమ్మ గైడ్‌ను అడిగింది, సలేశ్వరం తొవ్వ ఇప్పుడు ఎట్లుంది అని. "లోయలకు దిగుడు గట్లనే ఉందమ్మా, రాళ్లే. గుండం నీళ్లు కూడ గట్లనే" అన్నడు. ఇద్దరూ జాతర ముచ్చట పెట్టుకున్నరు, దిగేటప్పుడు "వస్తున్నం లింగమయ్యా", ఎక్కేటప్పుడు "పోయొస్తం లింగమయ్యా" అని కొండలు దద్దరిల్లేటట్టు మొక్కుతరు, పూజ చేసేది చెంచులే. అమ్మ అరవై ఏడేండ్ల గొంతుతోని అక్కడనే మెల్లగ ఒకసారి అన్నది ఆ మాట. చైత్ర పౌర్ణమికి ఇంక వారం లేదు. అమ్మ బజార్‌కు పోయి పట్టీల చెప్పులు తెచ్చుకుంది, రోజూ పొద్దున మా అపార్ట్‌మెంట్ మెట్లు నాలుగు అంతస్తులు ఎక్కి దిగుతుంది.